పాత కంప్యూటరును పారవేయకముందు

మన కంప్యూటరు గదిలో గోడ ప్రక్కన వరుసగా నుంచిన పాత యంత్రములను మీరందఱును చూచియే యుందురు. వానిలో కొన్నింటి మీట నొక్కినప్పుడు లోపలినుండి టిక్కు టిక్కుమని శబ్దము వచ్చును. పిమ్మట నల్లని తెరపై తెల్లని యక్షరములతో నొక వాక్యము కనబడి, పని యంతటితో నాగిపోవును. అవి ముసలివైనవనియు, పాత సామానుక్రింద నమ్మివేసి క్రొత్తవి కొనవలెననియు కొందఱు పెద్దలును తలిదండ్రులును అనుచున్నారు. ఆ యభిప్రాయముతో నేను పూర్తిగా నేకీభవింపజాలను. యంత్రమంతయు చెడలేదు, అందులో తిరుగుచుండు నొక్క భాగము మాత్రమే యరిగినది. ఆ భాగమును తీసి, దాని స్థానమున కదలికలేని ఫ్లాష్ కార్డు నమర్చినయెడల ఆ యంత్రములలో పెక్కు మఱికొన్ని యేండ్లు పనిచేయును. ఈ పని చేయదగినదే. అయితే దానినొక నియమముతో చేయవలెను. ఆ నియమమును తెలుపుటయే యీ వ్యాసముయొక్క ముఖ్యోద్దేశము.

మొదట నా తిరుగు భాగమేదియో తెలిసికొందము. దానిని హార్డు డిస్కు అందురు. విద్యుచ్ఛక్తి లేనప్పుడు సైతము లెక్కలు, ఉత్తరములు, చిత్రములు మున్నగువానిని నిలుపుకొనుటకు కంప్యూటరునకు ఇదియే భాండాగారము. 1956వ సంవత్సరమున ఐ.బి.యం. కంపెనీవారు రామాక్ అను యంత్రముతో గూడ మొట్టమొదటి హార్డు డిస్కును వెలువరించిరి. అందులో 24 అంగుళముల వ్యాసముగల పళ్లెములు 50 ఉండెను. అంతటి పరికరము నిలుపుకొనగలిగినది సుమారు 50 లక్షల అక్షరములు మాత్రమే. నాటినుండి పళ్లెములు చిన్నవై వాని శక్తి మిక్కిలి పెరిగెను గాని, పనిచేయు పద్ధతి మాఱలేదు. మన పాత కంప్యూటర్లలోని పళ్లెము సాధారణముగా నిమిషమునకు 5400 సారులో 7200 సారులో తిరుగును. వ్రాతను చదువు ముల్లు పళ్లెమును తాకక, తలవెండ్రుకకంటె నెన్నో రెట్లు పలుచనైన గాలిపొరపై తేలుచుండును. గట్టి కుదుపు తగిలి యా ముల్లు పళ్లెమును గీచినచో, అచ్చటనున్న వ్రాత మఱల దొరకుట దుర్లభము. మన వేసవి వేడిమియు, చెప్పకుండ పోవు కరెంటును దీనికి మేలుచేయునవి కావు.

ఫ్లాష్ స్మృతియందు తిరుగున దేదియు లేదు. జపానుదేశమున తోషిబా కంపెనీలో పనిచేసిన ఫుజియో మసువోకా యను శాస్త్రజ్ఞుడు దీనిని కనిపెట్టి 1984లో లోకమునకు తెలిపెను. నేటి కార్డులలో వాడబడు నాండ్ అను రకమును 1987లో ప్రకటించెను. వ్రాతను తుడుచు వేగము కెమెరా మెఱుపును తలపించుటచేత నీ పేరు వచ్చినది. సిలికాను ముక్కలోని సూక్ష్మమైన గదులలో విద్యుత్కణములను బంధించి, వాని యునికినిబట్టి యిది జ్ఞాపక ముంచుకొనును. 1956 నాటి యా పెద్ద పరికరముకంటె, నేడు మిక్కిలి చిన్నదిగా నెంచబడు 4 గిగాబైట్ల కార్డు సుమారు 800 రెట్లు ఎక్కువ నిలుపుకొనగలదు.

పాత యంత్రమునకు ఈ క్రొత్త వస్తువు ఎట్లు పొసగును? 1994లో సాన్‌డిస్క్ కంపెనీవారు కాంపాక్ట్ ఫ్లాష్ అను కార్డును తెచ్చిరి. పాత కంప్యూటర్లు తమ హార్డు డిస్కుతో మాటలాడు ఐ.డి.ఇ. అను భాష యీ కార్డునకు పుట్టుకతోనే వచ్చును. కావున నడుమ దుబాసి యక్కఱలేదు. కార్డును డిస్కు తీగపట్టీకి కలుపు అడాప్టరు అను చిన్న పలక యొక్కటి చాలును. 1999లో వచ్చిన ఎస్.డి. కార్డునకు మాత్ర మా భాష రాదు; దానికి దుబాసివంటి చిప్పుగల యడాప్టరు కావలెను. ఇది మనము క్రొత్తగా చేయు ప్రయోగము కాదు. 2004లో వచ్చిన ఐపాడ్ మినీ యను పాటల పరికరములో కాంపాక్ట్ ఫ్లాష్ పరిమాణమునకు ఇమిడిన యంగుళపు హార్డు డిస్కు ఉండెడిది. అది చెడినప్పుడు అనేకులు దానిని తీసి, ఆ తావుననే ఫ్లాష్ కార్డు నుంచి, పరికరమును మఱల పాడించిరి.

ఇక నాక్షేపణలను విచారింతము. ఒక పెద్దమనిషి, పాతవస్త్రమునకు క్రొత్తగుడ్డ మాసికను గూర్చి ప్రభువు చెప్పిన యుపమానమును మఱచితిరా యని నన్నడిగిరి. మఱవలేదు. ఆ మాసిక కీడు చేయుటకు కారణము, అది పాతబట్టను లాగి చింపుటయే. ఈ కార్డు యంత్రమును లాగదు. యంత్రము భాషనే మాటలాడును. పూర్వపు డిస్కుకంటె తక్కువ విద్యుచ్ఛక్తితో తృప్తిపడును. అదియునుగాక, అయిదువేలమందికి ఆహారము పెట్టిన పిమ్మట మిగిలిన ముక్కలు వ్యర్థముకాకుండ పోగుచేయించినవాడును ఆ ప్రభువే గదా.

మన బిడ్డలు పాత యంత్రములతో నేర్చుకొనునదేమి యని తలిదండ్రులు కొంద ఱడుగుచున్నారు. ఈ ప్రశ్న న్యాయమైనదే. నేటి పెక్కు ల్యాప్‌టాపులలోను, సెల్‌ఫోన్లలోను స్మృతిని పలకకే యతికించివేయుచున్నారు. దానిని విప్పి చూచుటకుగాని, మార్చుటకుగాని సామాన్యునకు వీలులేదు. మన పాత కంప్యూటరును నాలుగు మరలు విప్పి తెఱవవచ్చును. భాండాగార మేదియో, లెక్కచేయు భాగ మేదియో వ్రేలితో చూపవచ్చును. తన చేతితో డిస్కును తీసి కార్డును పెట్టి, యంత్రము మఱల మేల్కొనుట చూచిన విద్యార్థి, పుస్తకములో పది పుటలు చదివినను నేర్వలేనిది నేర్చుకొనును. క్రొత్తవి వలదని నేననను. క్రొత్తవాని ప్రక్కన నివియు నుండవలెననుచున్నాను.

భద్రతనుగూర్చిన యాక్షేపణయు నిజమే. మన పాత యంత్రములలోనున్న విండోస్ ఎక్స్‌పీకి దాని కంపెనీవారు 2014 ఏప్రిలు 8తో సంరక్షణ మానివేసిరి. కావున నిట్టి యంత్రములను ఇంటర్నెట్టుతో కలుపరాదు. తెలుగు టైపు నేర్చుకొనుటకు, లెక్కల పట్టికలు వేయుటకు, ముందుగా నెక్కించిన పాఠములను చదువుకొనుటకు ఇంటర్నెట్టు అక్కఱలేదు. కార్డు పెట్టినంతమాత్రమున యంత్ర మన్నివిధములను క్రొత్తది కాదనియు ఒప్పుకొనవలెను. ముల్లు వెదకులాట లేనందున పనులు త్వరగా మొదలు కావచ్చును. లెక్కచేయు వేగము మాత్రము పూర్వమువలెనే యుండును.

ఇప్పుడు నియమము చెప్పెదను. దానిని నేను పుస్తకమువలన నేర్వలేదు. పండ్రెండేండ్ల క్రిందట నేను వేఱొక పాఠశాలలో పనిచేయుచుంటిని. పదవ తరగతి మార్కులు పంపవలసిన గడువునకు రెండు దినములు ముందు కార్యాలయపు కంప్యూటరులోని డిస్కు ఆగిపోయెను. మార్కుల రిజిష్టర్లు కాగితముపై నుండుటచేత, మేము నలుగురము రెండు రాత్రులు కూర్చుండి యన్నింటిని మఱల నెక్కించి గండము గడిచితిమి. కాని యా డిస్కులోనే మా తెలుగు పండితులుగారు ఎన్నో యేండ్లు ఊరూర తిరిగి సేకరించిన దంపుళ్లపాటలు, నాట్లపాటలు, సామెతలు ఉండెను. వానికి వేఱు ప్రతి లేదు. కంప్యూటరులో భద్రముగా నున్నవి గదాయని చిత్తు కాగితములను వారే పారవేసిరి. ఆ కంప్యూటరు నా కప్పగింపబడి యుండెను; నకలు తీయవలెనను తలంపు నాకు రాలేదు. సంగతి వారితో చెప్పుటకు నేనే వెళ్లితిని. వారు కోపింపలేదు. కొంతసేపు ఊరకుండి, “పాడినవారిలో ముగ్గురు పోయిరి, మాస్టారూ” అని మాత్ర మనిరి.

ఆ డిస్కునకు బదులు నాడు ఫ్లాష్ కార్డే యుండినను, నకలు లేనప్పుడు ఆ పాటలకు భద్రత యుండెడిది కాదు. ఏలయన కార్డును మర్త్యమైనదే. అందలి ప్రతి గదిని ఇన్నిసారులే తుడిచి వ్రాయవచ్చునను పరిమితి గలదు. గది కొక్క బిట్టును మాత్రమే నిలుపు మేలురకము సుమారు లక్షసారులు ఓర్చుకొనును. చౌకరకములు కొన్నివేల సారులో, అంతకు తక్కువయో ఓర్చుకొనును. విద్యుచ్ఛక్తి తగులకుండ ఏండ్లతరబడి పెట్టెలో నుంచినచో బంధింపబడిన కణములు మెల్లగా జాఱిపోవును. వేడిమిలో మఱింత త్వరగా జాఱును. హార్డు డిస్కు చెడుటకు ముందు తఱచుగా చప్పుడుచేసి హెచ్చరించును. కార్డు నిన్న పనిచేసి నేడు మౌనముగా చనిపోవచ్చును. కావున నియమ మిది: ఏ పాత్రను మార్చినను, మార్చుటకు ముందు నకలు తీయుము, మార్చిన పిమ్మటను నకలు తీయుచునే యుండుము.

పని చేయబూనువారికి కొన్ని సూచనలు. మొదట డిస్కులోని వ్రాతల నన్నింటిని వేఱొకచోటికి నకలు తీసి, ఆ నకలు తెఱచుకొనుచున్నదో లేదో చూడవలెను. పిమ్మట కరెంటు తీగను పూర్తిగా ఊడదీసి, చేతిలోని స్థిరవిద్యుత్తు పోవుటకు పెట్టె లోహభాగమును తాకవలెను. తీగపట్టీయొక్క ఎఱ్ఱచాఱ యంచు అడాప్టరుమీద 1 అను అంకెవైపున నుండవలెను. బజారులో తక్కువ శక్తిగల కార్డులకు ఎక్కువ శక్తి వ్రాసి యమ్ము మోసగాండ్రు గలరు. కల్లతూనిక యేనాటికిని కల్లతూనికయే. కావున కార్డును అంచువఱకు నింపి, నింపినదానిని మఱల చదివి చూచినగాని నమ్మరాదు. పలకమీది గుండ్రని కెపాసిటర్లు ఉబ్బియున్నయెడల ఆ యంత్రముపై ధనము వెచ్చింపనక్కఱలేదు. 2003 తరువాత ప్రచారములోనికి వచ్చిన సాటా యను అమరికగల యంత్రములకు కార్డు తగదు. వానికొఱకే చేయబడిన ఎస్.ఎస్.డి. తగును.

తీసివేసిన డిస్కునుగూర్చి యొక మాట. అందులో పిల్లల పేర్లు, చిరునామాలు, మార్కులు ఉండును. మనము తుడిచితిమనుకొన్నప్పుడు కంప్యూటరు సాధారణముగా విషయసూచికలోని పేరును మాత్రమే కొట్టివేయును; పుటలు అట్లే యుండును. కావున డిస్కునిండ క్రొత్తవ్రాత వ్రాసియో, పళ్లెములనే విఱుగగొట్టియో బయటికి పంపవలెను. పిదప దానిని వీధిలోని పాతసామానువానికి గాక, 2023 ఏప్రిలు 1 నుండి అమలులోనున్న ఈ-వ్యర్థముల నియమముల ప్రకారము నమోదైన సంస్థకే యీయవలెను. పాత పలకల టంకములో సీసముండును; అది మట్టిలోనికి పోగూడదు.

పాలకవర్గమువారికి నా విన్నపములు మూడు. పాత యంత్రములను ఒక్కొక్కటిగా పరీక్షింపక యమ్మరాదు. బాగుపడదగినవానికి కార్డు లమర్చు పనిని ఉపాధ్యాయుని పర్యవేక్షణలో పై తరగతుల బాలబాలికలచేత చేయింపవలెను. పాఠశాల వ్రాతలకు ప్రతి నెల నకలు తీసి, ఒకటి కార్యాలయమున, ఒకటి వేఱు భవనమున నుంచి, ముఖ్యమైనవానికి కాగితపు ప్రతియు నుంచవలెను. ఈ మూడింటికి నగు వ్యయము క్రొత్త యంత్రముల వెలలో స్వల్పభాగమే.

తలిదండ్రులారా, మీ సెల్‌ఫోను కార్డులో మీ బిడ్డ బాప్తిస్మపు చిత్రములో, గతించిన తల్లి కంఠధ్వనియో ఒంటరిగా నున్నదేమో నేటిరాత్రి చూచుకొనుడు. విద్యార్థులారా, మీ తాతమ్మ పాడు పాటను సెల్‌ఫోనులో నెక్కించుడు. మఱియొకచోట నకలు తీయుడు. ఒక ప్రతి సిరాతో కాగితముపై వ్రాయుడు. అంతకంటె ముఖ్యముగా, దానిని మీరు నేర్చుకొని పాడుడు.