జేసీబీ కొనే ముందు సాగర్ లెక్క ఒకసారి చూడండి

సివిల్, మెకానికల్ చదివి ప్లేస్‌మెంట్ రాని తమ్ముళ్ల నుంచి ఈ మధ్య నాకు ఒకే ప్రశ్న వస్తోంది. ‘అన్నా, నాన్న ఎకరం అమ్మి డౌన్‌పేమెంట్ కడతానంటున్నాడు. ఏ జేసీబీ తీసుకోవాలి?’ దేవరకొండ, కల్వకుర్తి, అచ్చంపేట ఎటు వెళ్లినా రోడ్డు పక్కన పసుపు బండ్లు కనిపిస్తూనే ఉంటాయి కాబట్టి ఆ ఆశలో తప్పేం లేదు. కాకపోతే ఏ బండి అని అడిగేవాళ్లే గానీ, అది నెలకు ఎన్ని గంటలు నడుస్తుందని అడిగేవాళ్లు లేరు.

ఈ లెక్కను మన ప్రాంతంలోనే ఒకప్పుడు చాలా పెద్ద ఎత్తున వేశారు. 1955 డిసెంబర్ 10న నందికొండ దగ్గర నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేశారు. అదే కాలంలో సట్లెజ్ నది మీద భాక్రా డ్యామ్‌ను కాంక్రీటుతో, విదేశాల నుంచి తెప్పించిన భారీ యంత్రాలతో కడుతున్నారు. ఇక్కడా అలాగే కట్టొచ్చు. కానీ యంత్రాలు తేవాలంటే విదేశీ మారకం కావాలి, అప్పట్లో దేశం దగ్గర అది తక్కువ. చుట్టూ రాయి ఉంది, పని కోసం ఎదురుచూసే వేల మంది ఉన్నారు. అందుకే రాతి కట్టడం వైపు మొగ్గారు. యంత్రాలు అసలు లేవని కాదు, బరువులో ఎక్కువ భాగం మాత్రం మనుషులే మోశారు. 124 మీటర్ల ఎత్తు, దాదాపు కిలోమీటరున్నర పొడవున్న రాతి డ్యామ్ అలా లేచింది. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు.

ఆ చౌక ఎవరి ఒంటి మీద పడిందో కూడా గుర్తుంచుకోవాలి. మట్టిపనికి, రాతిపనికి ఊళ్లు దాటి పోయిన పాలమూరు కూలీలు, వడ్డెరలు లేకుండా ఆ కాలం ప్రాజెక్టుల చరిత్రే లేదు. ఆ పద్ధతి మళ్లీ రావాలని నేననడం లేదు. ఇంజినీర్లు వేసుకున్న ప్రశ్న చూడమంటున్నాను: మన దగ్గర ఏది కొరత, ఏది ఖాళీగా ఉంది? ఇప్పుడు మీ ఇంట్లో కొరత డబ్బు. ఖాళీగా ఉన్నది, పక్క మండలంలో పని లేక ఆగిన ఇంకొకరి బండి.

ఇక మీ లెక్కకు వద్దాం. అంకెలన్నీ ఉదాహరణకే, మీ ఊరి రేట్లు మీరు వేసుకోండి. బండి 35 లక్షలనుకుందాం. 7 లక్షలు చేతి నుంచి పెట్టి, 28 లక్షలు 11 శాతం వడ్డీకి నాలుగేళ్ల అప్పు తీసుకుంటే నెలకు ఈఎంఐ 72 వేల పైమాటే. డ్రైవర్ జీతం 25 వేలు, ఇన్సూరెన్స్ వగైరా 8 వేలు. బండి కదలకపోయినా నెలకు లక్షా 5 వేలు పోతాయి. గంట కిరాయి 1,200 అయితే డీజిల్, సర్వీసు, టైర్ల అరుగుదల కింద 650 పోయి మీకు మిగిలేది 550. అంటే అసలు ఖర్చు రావడానికే నెలకు 190 గంటలు నడవాలి. నెలకు 26 రోజులు, రోజుకు ఏడు గంటల పైన. వానాకాలంలో చెల్క తడిసి బురదైతే, చేలల్లో పంట ఉంటే, బండి దిగేదెక్కడ? పైగా పని అయిన రోజే డబ్బు చేతికి రాదు. కాంట్రాక్టర్‌కు బిల్లు వస్తేనే మీకు వస్తుంది, బ్యాంకు మాత్రం ఐదో తారీఖునే కోసుకుంటుంది.

అందుకే నా అభిప్రాయం సూటిగా చెప్తా. చేతిలో ఏడాదికి సరిపడా పని ఒప్పుకుని ఉంటే తప్ప మొదటి బండి కొనొద్దు. కిరాయికి తెచ్చి నడపండి. గంటకు మిగిలేది తక్కువే, కానీ పని లేని నెల మీది కాదు.

కిరాయికైనా ఏది తేవాలో తెలియాలి. మనం జేసీబీ అనేది నిజానికి కంపెనీ పేరు, బండి పేరు బ్యాక్‌హో లోడర్. పొక్లెయిన్ కూడా అంతే, ఒక ఫ్రెంచ్ కంపెనీ పేరు. ఇంటర్వ్యూలో ‘ఎక్స్‌కవేటర్’ అనండి! బ్యాక్‌హో తవ్వే బకెట్‌లో పట్టేది సుమారు పావు క్యూబిక్ మీటరు. 20 టన్నుల ఎక్స్‌కవేటర్ బకెట్‌లో ఒక క్యూబిక్ మీటరుకు అటూఇటూ పడుతుంది. అలాగని పెద్దదే లాభమనుకోవద్దు. బ్యాక్‌హో తన టైర్ల మీద తనే ఊరికొస్తుంది. చైన్ బండిని ట్రైలర్ మీద తేవాలి, ఆ కిరాయి వేరే. ఇంటి పునాదికి, పైపులైన్ కాలువకు బ్యాక్‌హో చాలు. చెరువు పూడిక, పెద్ద లేఅవుట్ అయితే ఎక్స్‌కవేటరే చౌక. అదీ టిప్పర్లు సరిపడా ఉంటేనే. తవ్విన మట్టి పొంగి ఐదో వంతో, ఇంకా ఎక్కువో పెరుగుతుంది. ఆ పెరిగిన మట్టికి లెక్క కట్టి టిప్పర్లు పెట్టకపోతే పెద్ద బండి ఊరికే నిలబడి డీజిల్ తాగుతుంది. మన వైపు ఇంకో చిక్కు, మొరం కింద బండ తగలడం. పక్కన తవ్విన బావి చూడకుండా, బ్రేకర్ ఖర్చు కలపకుండా రేటు చెప్పారంటే మునిగినట్టే.

గంటకెంత అని కాకుండా క్యూబిక్ మీటరుకెంత అని చెప్పగలిగినవాళ్లు సైట్లలో తక్కువ. పెద్ద కాంట్రాక్టు కంపెనీల్లో ప్లాంట్ అండ్ మెషినరీ విభాగం ఉంటుంది, ఏ బండి ఎక్కడ, ఎన్ని గంటలు, ఎంత డీజిల్ అన్నది చూసేది వాళ్లే. మెకానికల్ వాళ్లు చాలామంది ఆ పేరు కూడా వినకుండానే డిగ్రీ పూర్తి చేస్తారు. ఒక ఏడాది అక్కడ పనిచేస్తే 190 గంటలు ఎలా నిండుతాయో, ఎలా నిండవో జీతం తీసుకుంటూనే నేర్చుకోవచ్చు. ఆ తర్వాతా కొనాలనిపిస్తే సెకండ్‌హ్యాండ్ బండి చూడండి. అవర్ మీటర్ అంకెను నమ్మకుండా పిన్నులు, బుష్‌లు ఎంత అరిగాయో చూడండి, సర్వీసు బిల్లులు అడగండి. బిల్లులు లేవంటే బేరం ఆడకుండా వచ్చేయండి.