ఎత్తుకు పై ఎత్తు

విశాఖ జాలరిపేట ఇసుక మీద వలలు దులుపుతున్నంతసేపూ నెత్తిన ఇంకో వ్యవహారం నడుస్తూనే ఉంటుంది. గరుడ పక్షి ఒకటి చటుక్కున వాలి ఓ చిన్న చేపను తన్నుకుపోతుంది. కొబ్బరిచెట్టు ఎత్తుకు లేచేలోపే రెండు కాకులు దాని తోకకు తగులుకుంటాయి. కాకి ఉన్నచోటే గిర్రున తిరగగలదు. గద్దకు రెక్క పెద్దది, మళ్లడానికి చాలా చోటు కావాలి. మలుపుల్లో కాకితో పోటీకి దిగిన గద్దకు నోటికాడి కూడు దక్కదు. అనుభవం ఉన్న గద్ద ఆ పోటీకే దిగదు. ఎండకు ఇసుక మీంచి లేచే వేడిగాలిని వెతుక్కుని, రెక్క ఆడించకుండా, చుట్లు చుట్లుగా పైకి పోతుంది. కాకి రెక్కలు కొట్టుకుని కొట్టుకుని, ఆయాసపడి, మధ్యలోనే విరమించుకుంటుంది.

యుద్ధ విమానాల ముఖాముఖి పోరులో, అంటే డాగ్‌ఫైట్‌లో, మొదటి పాఠం అచ్చంగా ఇదే. దాన్ని ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని, జాయ్‌స్టిక్ పట్టుకుని, రాత్రులు రాత్రులు సాధన చేసేవాళ్లున్నారు. విశాఖ లాంటి ఊళ్లో ఈ సరదా పుట్టడానికి వేరే కారణం వెతకనక్కర్లేదు. తూర్పు నౌకాదళానికి ఇది కేంద్రం. ప్రయాణికుల విమానాలూ, ఐఎన్‌ఎస్ డేగా నుంచి లేచే నౌకాదళ విమానాలూ ఇక్కడ ఒకే రన్‌వేను ఏళ్ల తరబడి పంచుకుంటూ వచ్చాయి. ఆర్కే బీచ్‌లో, 2017లో సేవ నుంచి తప్పుకున్న నౌకాదళ విమానం టీయూ-142 కడుపులోకి టికెట్ కొనుక్కుని వెళ్లి చూసి రావచ్చు. 2022 డిసెంబరు 4న నేవీ డే ఉత్సవం ఢిల్లీ దాటి ఈ తీరానికి వచ్చినప్పుడు రాష్ట్రపతితో పాటు ఊరంతా తల పైకెత్తి చూసింది. అలా చూసిన పిల్లల్లో ఒకరిద్దరికైనా ఆ రాత్రి నిద్ర పట్టి ఉండదు.

బయటి నుంచి చూసే పెద్దలకు మాత్రం ఈ కంప్యూటర్ సాధన ఇంకో వీడియో గేమే. ‘ఏటిరా గుంటడా, రాత్రంతా ఆ టకటకలేటి?’ అని విసుక్కుంటారు. విసుగు న్యాయమే. కానీ పక్కన ఓ పావుగంట కూర్చుని చూస్తే తెలుస్తుంది, అక్కడ టకటకలు ఎంత తక్కువో. తుపాకీ మోగేది ఏ ఒకటి రెండు సెకన్లో. 1940 నాటి బ్రిటిష్ యుద్ధ విమానం స్పిట్‌ఫైర్‌కు ఎనిమిది మెషిన్‌గన్‌లు ఉండేవి. మీట నొక్కి పట్టుకుంటే వాటి తూటాలన్నీ పదిహేను సెకన్లలో ఖాళీ. కాబట్టి మిగతా సమయమంతా చూడటం, ఆగడం, లెక్క వేసుకోవడమే.

కొత్తగా వచ్చినవాడు చేసే పని ఒక్కటే: ఎదుటి విమానం కనబడగానే జాయ్‌స్టిక్‌ను పొట్టలోకి లాక్కోవడం. విమానం గట్టిగా మళ్లుతుంది, వేగం కారిపోతుంది, కాసేపటికి గాలిలో దాదాపు నిలబడిపోతుంది. అప్పుడు ఎవరో నెమ్మదిగా వచ్చి కాల్చేస్తారు. ఎవరు కాల్చారో, ఎటు నుంచి వచ్చారో కూడా తెలియదు. ఈ దశ చాలా రోజులు సాగుతుంది. కొందరు ఇక్కడే మానేస్తారు. మిగిలినవాళ్లు ఏదో ఒక రాత్రి గ్రహిస్తారు, మలుపు ఊరికే రాదని. వేగమో ఎత్తో, ఏదో ఒకటి చెల్లించాలి. ఎత్తు ఉంటే కిందికి దూకి వేగం తెచ్చుకోవచ్చు, వేగం ఉంటే పైకి లేచి ఎత్తు దాచుకోవచ్చు. రెండూ ఖర్చు పెట్టేసినవాడికి ఇక దారి లేదు. స్కూల్లో స్థితిజ శక్తి, గతిజ శక్తి అని బట్టీ పట్టించిన పాఠానికి ఇక్కడ ప్రాణం వస్తుంది. ఏ ఫిజిక్స్ మాస్టారూ అంత గట్టిగా చెప్పలేరేమో, ఎందుకంటే ఆయన క్లాసులో తప్పు జవాబుకు విమానం కూలదు.

హై యోయో అనే ఎత్తుగడ చూడండి. ముందున్నవాడు గట్టిగా ఎడమకు మళ్లాడు. మీరు అతనికంటే వేగంగా వస్తున్నారు. అదే మలుపులో వెంటపడితే అతన్ని దాటేసి ముందుకు పోతారు, మీ తోక అతనికి అప్పగించినట్టే. అందుకని ముక్కు పైకి ఎత్తాలి. పైకి పోతుంటే వేగం తగ్గుతుంది, తగ్గిన వేగం ఎత్తుగా మారి మీ దగ్గరే ఉంటుంది. శిఖరం మీద విమానాన్ని దాదాపు తలకిందులు చేసి, కప్పు అద్దంలోంచి అతని మలుపును కింద చూస్తూ, సమయం చూసి అతని వెనక్కి జారాలి. రాసినంత తేలిక కాదు. అరక్షణం ముందు దిగితే దాటిపోతారు, అరక్షణం ఆలస్యమైతే అతను చేజారతాడు. శత్రువు ఎడమకు పోతుంటే తను పైకి పోవడానికి మనసు ఒప్పుకోదు. చెయ్యి కంటే ముందు ఆ ఆత్రాన్ని అదుపులో పెట్టుకోవాలి. 1960లలో అమెరికా వాయుసేన అధికారి జాన్ బాయిడ్, గణితజ్ఞుడు థామస్ క్రిస్టీ కలిసి ఈ జమాఖర్చునంతా సమీకరణాల్లో పెట్టారు. ఏ విమానం ఏ ఎత్తులో, ఏ వేగంలో ఎంత మళ్లగలదో గీతలు గీసి చూపారు. ఆ తర్వాత వచ్చిన ఫైటర్ విమానాల రూపకల్పనకు ఆ గీతలే ఆధారం. ఈ సరదాలో కాస్త ముదిరినవాళ్లు ఇప్పుడు వాటినే ముందేసుకుని, సినిమా పాటలంత శ్రద్ధగా కంఠతా పడుతున్నారు.

అంతకంటే పాతది, అంతకంటే కష్టమైనది చూపు. 1916లో జర్మన్ పైలట్ ఓస్వాల్డ్ బోల్కే తన కుర్రాళ్లకు కొన్ని నియమాలు రాసిచ్చాడు. దాడికి ముందే అనుకూలత సంపాదించుకోవాలి, సూర్యుణ్ణి వీపు వెనక ఉంచుకోవాలి, బాగా దగ్గరికి చేరేదాకా కాల్చకూడదు, శత్రువు మీంచి చూపు మరల్చకూడదు. నూరేళ్లు దాటినా వాటిలో కొట్టేయాల్సింది పెద్దగా లేదు. ఇంట్లో తెర ముందు కూర్చున్నవాడికి ఈ చివరి నియమమే ప్రాణసంకటం. నిజమైన పైలట్ మెడ తిప్పి చూస్తాడు. ఇక్కడ మెడ తిప్పితే కనిపించేది గోడ మీది క్యాలెండర్. జాయ్‌స్టిక్ నెత్తిన ఉన్న బుడిపెను బొటనవేలితో నెడుతూ, పైకీ పక్కకీ వెనక్కీ చూపును తిప్పాలి. స్తోమత ఉన్నవాళ్లు తల కదలికను పసిగట్టే కెమెరా పెట్టుకుంటారు, వీఆర్ కళ్లద్దాలు తగిలించుకుంటారు. గడియారం లెక్కన ఆరు గంటల వైపు, అంటే తోక వైపు, ఎప్పటికప్పుడు చూసుకోమని తోటివాళ్లు హెడ్‌ఫోన్లలో అరుస్తూనే ఉంటారు. అన్నట్టు, నియమాలు రాసిన బోల్కే 40 విమానాలు కూల్చి, అదే ఏడాది అక్టోబరు 28న తన దళంలోని సహచరుడి విమానం తగిలి నేలకూలాడు. వయసు 25.

ఇదంతా ఆటా, చదువా అని అడిగితే, విమానం నడపడాన్ని అనుకరించే సిమ్యులేటర్ పుట్టుకలోనే ఆ తికమక ఉంది. అమెరికాలోని బింగ్‌హామ్‌టన్‌లో ఎడ్విన్ లింక్ అనే కుర్రాడు వాళ్ల నాన్న ఆర్గాన్ల ఫ్యాక్టరీలో పనిచేస్తూ, ఆర్గాన్‌కు గాలి కొట్టే తిత్తుల మీద ఓ బొమ్మ విమానాన్ని కూర్చోబెట్టాడు. కర్ర లాగితే ముక్కు లేచేది, పక్కకు నెడితే వంగేది. ఇది 1929 నాటి మాట. విమానాలు నేర్పడానికని అతను చేస్తే, మొదట్లో కొన్నది వినోదాల పార్కుల వాళ్లు. 1934లో సైన్యానికి టపా మోసే పని అప్పగిస్తే, మంచులో, మబ్బుల్లో దారి తెలియక పైలట్లు వరసగా చనిపోయారు. అప్పుడు సైన్యం వచ్చి ఆరు యంత్రాలు కొనుక్కుంది. తర్వాత రెండో ప్రపంచ యుద్ధంలో లక్షల మంది వాటిలో కూర్చున్నాకే నిజం విమానం ఎక్కారు. అప్పుడు సంతలో రంగుల రాట్నం పక్కన ఉన్నదాన్నే ఇప్పుడు మన పిల్లలు పడకగదిలో పెట్టుకున్నారు.

ఎగరడానికి విమానాలకు కొదవ లేదు. మన వాయుసేన ఆరు దశాబ్దాలు నడిపి, 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వీడ్కోలు పలికిన మిగ్-21 ‘డీసీఎస్ వరల్డ్’ సిమ్యులేటర్‌లో ఇంకా ఎగురుతూనే ఉంది. తిన్నగా పోవడంలో దానికి తిరుగులేదు. గట్టిగా మలిపితే మాత్రం ఆ త్రికోణపు రెక్కే వేగాన్ని తినేస్తుంది. దిగేటప్పుడు గంటకు 300 కిలోమీటర్ల దరిదాపుల్లో నేలను తాకాలి. పాతికసార్లు రన్‌వే మీద పల్టీ కొట్టాక, దాన్ని నడిపిన మనవాళ్ల మీద గౌరవం దానంతటదే పెరుగుతుంది. స్పిట్‌ఫైర్ ఎక్కేవాళ్లకు తెలుగు నేలతో ఇంకో ముడి ఉంది. నిజాం విరాళాలకు గుర్తుగా బ్రిటిష్ వాయుసేనలోని 152, 253 స్క్వాడ్రన్లకు హైదరాబాద్ పేరు పెట్టారు. 1940 బ్రిటన్ గగనతల పోరులో మొదటిది స్పిట్‌ఫైర్లతో, రెండోది హరికేన్లతో పోరాడాయి. 152 చిహ్నంలో ఉన్నది నిజాం తలపాగా. ఆ విరాళం ఏ పొలాల మీది శిస్తులోంచి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

ఇంగ్లండుకు అంత విరాళం వెళ్లింది కానీ, 1942 ఏప్రిల్ 6న విశాఖకు అడ్డం నిలబడటానికి ఒక్క ఫైటర్ లేదు. ఆ రోజు జపాన్ విమానవాహక నౌక ర్యూజో నుంచి లేచిన విమానాలు విశాఖ, కాకినాడ రేవుల మీద బాంబులు వేసిపోయాయి. ఇక్కడి కాపలా అంటే స్వచ్ఛంద సైనికుల తీరరక్షణ దళం నడిపే పాతకాలపు వాపిటీలు, జంట రెక్కల విమానాలు. వాటితో తీరాన్ని కనిపెట్టి ఉండొచ్చు, పోరాడలేం. భయపడ్డ జనం మూటాముల్లె సర్దుకుని లోపలి ఊళ్లకు తరలిపోయారు. పేలకుండా మిగిలిన బాంబు ఒకటి బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఉంది. సిమ్యులేటర్‌లో ఎప్పుడూ కాక్‌పిట్‌లోంచే చూస్తాం. ఈ ఊరు ఆ రోజు చూసింది కింది నుంచి.

ఈ సరదా మీద ఉన్న అసలు అభ్యంతరం ఇక్కడిదే, అది చిన్నదేం కాదు. కుర్చీలో కూర్చున్నవాడికి ఒళ్లు లేదు. ఏడు జీల, అంటే బరువు ఏడు రెట్లయ్యే, మలుపులో 70 కిలోల మనిషి 490 కిలోల బరువు మోస్తాడు, మెదడుకు రక్తం అందక చూపు అంచుల నుంచి నల్లబడుతుంది. ఇక్కడ తెర నల్లబడుతుంది, మనిషి టీ తాగుతుంటాడు. చచ్చినా ఒక మీట నొక్కితే బతుకుతాడు. 2020 ఆగస్టులో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా పెట్టిన పోటీలో హెరాన్ సిస్టమ్స్ వాళ్ల కృత్రిమ మేధ, అనుభవజ్ఞుడైన ఎఫ్-16 పైలట్‌ను సిమ్యులేటర్‌లో 5-0తో ఓడించింది. అది గెలిచిన తీరు గమనించదగ్గది. ఎదురెదురుగా దూసుకొస్తూ ముఖం మీదే కాల్చింది. శిక్షణలో పైలట్లను అలా చేయనివ్వరు, గుద్దుకుంటారని. యంత్రానికి గుద్దుకుంటే పోయేదేమీ లేదు. కొత్తగా వచ్చిన ఆటగాడు కూడా అచ్చం ఆ యంత్రంలాగే ఎగురుతాడు. తిరిగి బతకొచ్చన్న ధీమాతో ఎదురుగా పోయి గుద్దుతాడు, ఒకటి కూల్చి తనూ కూలి, లెక్క సరిపోయిందనుకుంటాడు.

నాకు ఈ సరదా మీద నమ్మకం కలిగించేది ముదిరిన ఆటగాళ్ల పిరికితనం. వాళ్లు చావడానికి ఇష్టపడరు. ఉచితంగా వచ్చే చావైనా సరే. ఎదుటివాడికి ఎత్తు ఎక్కువుంటే పోరుకు దిగకుండా ముక్కు తిప్పుకుని వెళ్లిపోతారు. తూటాలు మిగిలున్నా ఇంధనం తగ్గితే ఇంటిదారి పడతారు. తెర మీది ఆ బొమ్మ ప్రాణానికి అంత విలువ కట్టడం వాళ్లకు ఎవరూ నేర్పలేదు, ఎత్తు పొదుపు చేసుకోవడం నేర్చుకుంటే దానితోపాటే వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1918 జులైలో, పధ్నాలుగు రోజుల్లో పది విమానాలు కూల్చిన ఇంద్రలాల్ రాయ్, కోల్‌కతా కుర్రాడు, అదే నెల 22న కూలిపోయాడు. పంతొమ్మిదేళ్లు. ఈ సంగతి చదివి, ఆ రాత్రికి జాయ్‌స్టిక్ పక్కన పెట్టేసే కుర్రాడు ఉంటే, అతనికి ఆట బాగానే వంటబట్టినట్టు లెక్క.

మొదలుపెట్టాలనుకునేవాళ్లకు ఖర్చు సంగతి ఒకటి చెప్పాలి. కాస్త గట్టి కంప్యూటర్ కావాలి, అది తేలికైన మాట కాదు. జాయ్‌స్టిక్ మాత్రం లాజిటెక్ లాంటి మామూలుది చాలు, పెడళ్లూ కళ్లద్దాలూ తర్వాత చూసుకోవచ్చు. డీసీఎస్ వరల్డ్‌ను ఊరికే దించుకోవచ్చు, దాంతోపాటు రెండు విమానాలు ఇస్తారు. అందులో ఒకటి టీఎఫ్-51డి, తుపాకులు లేని ముస్టాంగ్. పిల్లలకు అది నచ్చదు, కాల్చడానికి ఏమీ లేదని. నా మటుకు మొదటి నెలంతా దాని మీదే గడపమంటాను. స్నేహితుడు ఇంకో ముస్టాంగ్ ఎక్కితే ఇద్దరూ ఒకరి తోక ఒకరు పట్టుకోవడానికి తిరగొచ్చు. గెలిచింది ఎవరో ఇద్దరికీ తెలుస్తుంది, కాల్చి చూపించక్కర్లేదు.

ఇంట్లోవాళ్లు తెలుసుకోవాల్సింది ఒకటే. ఆన్‌లైన్ పోరులో ఆపి ఉంచే మీట ఉండదు. పోరు ముగిశాక ఇంటికి తిరిగిరావడానికి, రన్‌వే వెతుక్కుని చక్రాలు దించి దిగడానికి, ఇంకో పది నిమిషాలు పడుతుంది. కంచం ముందు పెట్టి పిలిచినప్పుడు లోపల్నుంచి ‘దిగేసి వచ్చేస్తానమ్మా’ అని వినబడితే ఆ పది నిమిషాలూ ఇవ్వొచ్చు. పులుసు మళ్లీ వేడి చేసుకుంటాడు.