కళ్లలో నిలిచిపోయే ముఖం

ఒక సోదరి రాసిన ఉత్తరం నా ముందుంది. ఆమె ఎనిమిదేళ్ల కుమారుడు హజ్రత్ యూసుఫ్ (అ) జీవితంపై ఇరాన్‌లో నిర్మించిన ధారావాహికను ఉర్దూ అనువాదంలో ఎంతో ఇష్టంగా చూస్తున్నాడట. ఒకనాడు మగ్రిబ్ తర్వాత తండ్రి సూరె యూసుఫ్ పఠించి అర్థం చెబుతుంటే ఆ బాబు మధ్యలో అందుకున్నాడు: "అబ్బా, యూసుఫ్ అలైహిస్సలాం ఎలా ఉంటారో నాకు తెలుసు." ఆపై ఆ నటుడి కళ్లనూ జుట్టునూ వర్ణించాడు. "వాడికి ప్రవక్తల మీద ప్రేమ కలిగిందని సంతోషించనా? ఫోను లాక్కోనా?" అని ఆమె అడుగుతున్నారు.

ఫత్వా ఇచ్చే అర్హత నాకు లేదు. అయితే ఈ విషయంలో ధర్మపండితులు ఏమన్నారో, ఎందుకన్నారో చెప్పగలను.

ఈ చర్చకు దాదాపు వందేళ్ల చరిత్ర ఉంది. 1926లో ఈజిప్టు రంగస్థల ప్రముఖుడు యూసుఫ్ వహ్బీ ఒక చిత్రంలో దైవప్రవక్త ముహమ్మద్ (స) పాత్ర ధరించేందుకు అంగీకరించాడు. అల్ అజ్హర్ పండితులు తీవ్రంగా అభ్యంతరం చెప్పారు. దేశ బహిష్కారం తప్పదని రాజు ఫువాద్ హెచ్చరించాడు. వహ్బీ విరమించుకున్నాడు. ప్రవక్తల పాత్రలను ఎవరూ ధరించరాదన్న మాటపై సున్నీ పండితులు నేటికీ దాదాపు ఏకాభిప్రాయంతోనే ఉన్నారు. మక్కాలోని ఫిఖ్ మండలి ఈ నిషేధాన్ని సహాబాలకు కూడా వర్తింపజేసింది. షియా పండితులలో కొందరి దృష్టి భిన్నం. గౌరవభంగం కలగనంతవరకు వారు అనుమతిస్తారు. యూసుఫ్ (అ) ధారావాహికలో ప్రవక్త ముఖం కనిపించడానికి కారణం అదే.

విగ్రహారాధన భయం ఒక్కటే ఈ నిషేధానికి కారణమని చాలామంది అనుకుంటారు. అదీ ఉంది. కానీ నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన కారణం వేరు. అది అర్థం కావాలంటే దూరదేశాలకు పోనవసరం లేదు. 'మాయాబజార్' 1957లో వచ్చింది. ఆ తర్వాత ఎన్.టి. రామారావు గారి ముఖమే తెలుగునాట శ్రీకృష్ణుని ముఖమైపోయింది. క్యాలెండర్లలో, ఎన్నో ఇళ్ల గోడల మీద ఆ రూపమే వెలసింది. హిందూ సోదరుల విశ్వాసాన్ని విమర్శించడానికి ఈ మాట అనడం లేదు. వారి సంప్రదాయంలో రూపానికి స్థానం ఉంది, మన సంప్రదాయంలో లేదు. నటుడి ముఖానికి ఎంత శక్తి ఉందో చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ నాకు దొరకలేదు. ఒకసారి కళ్లలో నిలిచిన ముఖాన్ని తుడిచివేయడం ఎవరి తరమూ కాదు. పైగా ఆ నటుడు రేపు మరో చిత్రంలో తాగుబోతుగానో హంతకుడిగానో కనిపించవచ్చు. అప్పుడు ఆ బాబు మనసులో ఏం జరుగుతుంది?

ఈ చిక్కును గౌరవంగా దాటడానికి ప్రయత్నించిన వారిలో అలెప్పోలో పుట్టిన దర్శకుడు ముస్తఫా అక్కాద్ ముఖ్యుడు. 1976లో వచ్చిన ఆయన 'ది మెసేజ్'లో దైవప్రవక్త (స) రూపం కనిపించదు, స్వరం వినిపించదు. ఎదుటివారు కెమెరా వైపు చూసి మాట్లాడతారు. తొలి నలుగురు ఖలీఫాలు కూడా కనిపించరు. హజ్రత్ హమ్జా (రజి), హజ్రత్ బిలాల్ (రజి) మాత్రం కనిపిస్తారు. ఆంగ్ల చిత్రంలో హమ్జా పాత్రను ఆంథోనీ క్విన్, అరబీ చిత్రంలో అబ్దుల్లా గైస్ ధరించారు. అయినా క్విన్ దైవప్రవక్త (స)గా నటించాడన్న వదంతి వ్యాపించింది. 1977 మార్చిలో వాషింగ్టన్‌లో సాయుధులు మూడు భవనాలను ఆక్రమించి సుమారు 150 మందిని బందీలుగా పట్టుకున్నారు. ఆ చిత్రాన్ని ఆపాలన్నది వారి డిమాండ్లలో ఒకటి. ఆ ఘటనలో ఒక యువ రేడియో విలేఖరి మరణించాడు. దైవప్రవక్త (స) గౌరవం పేరిట ఆయన బోధనకే విరుద్ధమైన పని జరిగింది. విన్న మాటను నిర్ధారించుకోమని సూరె హుజురాత్ మనల్ని ఆదేశించలేదా?

2012 రమజాన్‌లో హజ్రత్ ఉమర్ (రజి)పై అరబీ ధారావాహిక ప్రసారమైనప్పుడు పండితులు రెండుగా చీలిపోయారు. యూసుఫ్ అల్ ఖర్జావీ వంటివారు రచనను పరిశీలించి సమర్థించారు. అల్ అజ్హర్ వ్యతిరేకించింది. సమర్థించినవారి వాదనలో బలం లేకపోలేదు. పుస్తకం తెరవని ఇంట్లో కూడా ఆ ముప్పై రోజులు సీరత్ గురించిన సంభాషణ సాగింది. అయినా నా మనసు అల్ అజ్హర్ వైపే మొగ్గుతుంది. ఉమర్ (రజి) చరిత్ర ఆయన ముఖం చూపకుండా చెప్పలేనిది కాదు.

ఇక సోదరి ప్రశ్నకు వస్తాను. ముఖం కన్నా నన్ను కలవరపరిచేది మరొకటి ఉంది. ఆ ధారావాహికలో జులైఖా వృద్ధురాలై, మళ్లీ యౌవనం పొంది, యూసుఫ్ (అ)ను వివాహమాడుతుంది. దివ్యఖుర్ఆన్‌లో ఈ వృత్తాంతం లేదు. ఆ స్త్రీ పేరు కూడా లేదు, అజీజు భార్య అని మాత్రమే ఉంది. బాబుకు ఏది అల్లాహ్ వాక్కో, ఏది రచయిత కల్పనో ఎవరు చెబుతారు? ఇంకొక సంగతి. యూసుఫ్ (అ) సౌందర్యాన్ని ఖుర్ఆన్ ఎలా చెప్పిందో గమనించారా? కళ్ల వర్ణన లేదు, జుట్టు వర్ణన లేదు. ఆయనను చూసిన స్త్రీలు తెలియకుండానే తమ చేతులు కోసుకున్నారు, అంతే. ఆ చోటును అల్లాహ్ ఖాళీగా ఉంచాడు. దాన్ని ఒక నటుడి ముఖంతో మనం నింపుకున్నాం.

ఫోను లాక్కుంటే వాడు పక్కింట్లో చూస్తాడు. కాబట్టి సోదరీ, ముందు ఆ ధారావాహికను కొన్నాళ్లు పక్కన పెట్టించండి, కారణం చెప్పి. సూరె యూసుఫ్‌లో ఉన్నవి 111 ఆయతులే. రోజుకు పది చొప్పున తండ్రీకొడుకులు అనువాదంతో చదివితే రెండు వారాల్లోపే పూర్తవుతుంది. చదివేటప్పుడు బాబు చేతికి ఒక నోటుపుస్తకం ఇవ్వండి. తాను చూసినవాటిలో ఖుర్ఆన్‌లో లేనివేవో వాణ్ణే రాయమనండి. ఆ జాబితా నాకు పంపితే సంతోషిస్తాను.