సముద్రం దాటిన కూలీ కంచంలో ఏముంది?

కూలివాడు ఏం తింటున్నాడన్నది వాడి నాలుక రుచికి సంబంధించిన ప్రశ్న కాదు. కాళ్ళ కింద భూమి ఉందా, చేతిలో కూలి ఎంత పడుతోంది, పొయ్యి వెలిగించే తీరిక ఉందా అన్నదానికి సంబంధించినది. ఈ సంగతి పెద్దాపురం కూలీలకు ఇంకొకరు చెప్పనక్కరలేదు. అయినా మన జిల్లాల నుంచి ఓడెక్కిపోయిన వారి కథ ఒకసారి తిరగేస్తే, రేపు మన కంచంలోకి ఏం రానున్నదో తెలుస్తుంది.

1879 నుంచి 1916 దాకా పసిఫిక్ మహాసముద్రంలోని ఫిజీ దీవుల చెరకు తోటలకు 60 వేల మందికి పైగా భారతీయులను ఐదేళ్ళ ఒప్పందం మీద తోలారు. 1903 నుంచి మద్రాసు రేవులోనూ జనాన్ని ఎక్కించారు. వారిలో గోదావరి, విశాఖ జిల్లాల తెలుగువారూ ఉన్నారు. మగవాడికి రోజుకు ఒక షిల్లింగు, ఆడమనిషికి 9 పెన్నీలు. 1920లో ఆ ఒప్పందపు చాకిరీ రద్దయ్యాక, చక్కెర కంపెనీ తన తోటలను పదేసి ఎకరాల చొప్పున కౌలుకిచ్చింది. చెరకు పక్కనే మనవాళ్ళు వరి, కంది, బెండ, వంగ వేసుకున్నారు. కంచంలోకి పచ్చకూర వచ్చింది.

కానీ భూమి ఏనాడూ వారిది కాలేదు. 1997 నుంచి కౌలు గడువులు తీరిపోసాగాయి. వేలాది కుటుంబాలు పొలాలు వదులుకున్నాయి. ఎందరో సువా పట్టణం చుట్టూ గుడిసెల పేటల్లోకి చేరారు. 1987లోనూ 2000లోనూ ప్రభుత్వాలను కూలదోసిన కుట్రల తరువాత మరెందరో ఆక్లాండుకో, సిడ్నీకో వలసపోయారు. పెరడు పోయింది. ప్రతిదీ కొనుక్కు తినే బతుకు వచ్చింది.

కొనుక్కు తినేవాడికి దొరికిందేమిటి? మైదా, నూడుల్సు, డబ్బా మాంసం, తియ్యటి సీసా నీళ్ళు. తమ దేశంలో గిరాకీ లేని గొర్రె పొట్ట కొవ్వు మాంసాన్ని న్యూజీలాండు వ్యాపారులు దీవులకు చవగ్గా ఎగుమతి చేశారు. 2000లో ఫిజీ దాన్ని నిషేధించింది. సమోవా 2007లో టర్కీ కోడి తోకల దిగుమతిని ఆపింది. అయితే ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరాలంటే ఆ నిషేధం ఎత్తెయ్యక తప్పలేదు! తన బిడ్డలు ఏం తినాలో చెప్పుకునే హక్కు కూడా చిన్న దేశానికి లేదన్నమాట.

న్యూజీలాండులో దీవులవారు, మనవాళ్ళు ఎక్కువగా ఉండేది దక్షిణ ఆక్లాండులో. పేదల పేటల్లోనే ఫాస్ట్‌ఫుడ్ దుకాణాలు కిక్కిరిసి ఉంటాయి. షిఫ్టు దిగి వచ్చినవాడికి తెరిచి కనిపించేది అవే. కాయగూరల మీద కూడా 2010 నుంచి 15 శాతం పన్ను. కిరాణా వ్యాపారంలో అత్యధిక భాగం రెండు సంస్థల గుప్పిట్లో ఉంది. ఒటారాలో శనివారం సంత వంటివి లేకపోతే తమ కందమూలాలు, ఆకుకూరలు వారికి ఇంకా దూరమయ్యేవి. చక్కెర పండించినవారి మనవలను చక్కెర జబ్బు పీడిస్తుంటే, "నోరు కట్టుకోండి" అని హితవు చెప్పేవారికి కొదవ లేదు. సంత దూరం చేసి, కూలి తగ్గించి, నోరు కట్టుకోమనడం ఏం న్యాయం?

ఇది ఎక్కడో దీవుల గొడవ అనుకుంటే పొరపాటు. మన దగ్గరా కౌలు రైతుకు భూమి నిలకడ లేదు. 2019 చట్టం ప్రకారం కౌలు కార్డు కావాలంటే భూమి యజమాని సంతకం కావాలి. అదీ 11 నెలలకే. ఏడాది తిరక్కుండా వదిలెయ్యాల్సిన చేలో మునగ మొక్క ఎవరు నాటుతారు? 2020లో పేదలకిచ్చిన ఇళ్ళ స్థలం పట్నంలో సెంటు, పల్లెలో సెంటున్నర. అందులో గోడలు లేచాక తోటకూర మడికి చోటేదీ? తరువాత వచ్చిన ప్రభుత్వం 2, 3 సెంట్లు ఇస్తామంది. ఇవ్వనివ్వండి, చూద్దాం. 2013 ఆహార భద్రతా చట్టం మనిషికి నెలకు 5 కిలోల ధాన్యానికే హామీ ఇచ్చింది. పప్పు, నూనె, కూర మన పాట్లు మనవే. 1999లో మొదలైన రైతు బజార్లు పట్నాలకే పరిమితం. పొద్దున్నే నాట్లకు పోయి పొద్దుగూకి తిరిగొచ్చే మనిషికి వాటి వల్ల ఒరిగేది తక్కువ. వాడకు దగ్గరగా ఉన్నది మాత్రం బడ్డీ కొట్టు, అందులో వేలాడే 5 రూపాయల చిప్సు పొట్లాలు.

బిడ్డ చేతిలో ఆ పొట్లం పెట్టిన తల్లిని కార్యకర్తలు తప్పుపట్టకూడదు. ఆమెకు తీరికా, డబ్బూ, పెరడూ లేకుండా చేసిన ఏర్పాటును తప్పుపట్టాలి. గ్రామసభల్లో అడగవలసినవి స్పష్టంగానే ఉన్నాయి: యజమాని సంతకంతో పని లేని కౌలు గుర్తింపు, పెరడుకు చోటున్న ఇంటి స్థలం, రేషనులో పప్పు, నూనె, కూలీలు ఇళ్ళకు చేరే వేళకు వాడ దగ్గరే కూరగాయల సంత.

ఓడెక్కిన మన తాతలకు ఇవి అడిగే సంఘం లేదు. మనకుంది. అడుగుదాం.