ఫెయిలైన కాగితమే పనికొచ్చే కాగితం

పొల్యూషన్ పరీక్షలో కారు ఫెయిలైందని తెలియగానే మనవాళ్ల నోటి నుంచి వచ్చే మొదటి మాట, "ఇంకో వ్యాను ఎక్కడుందండీ?" ఒకచోట తప్పిన కారు ఇంకోచోట గట్టెక్కుతుందన్న నమ్మకం అమలాపురంలో మాత్రమే పుట్టింది కాదు. 2025లో ఢిల్లీ శాసనసభ ముందుకొచ్చిన కాగ్ నివేదిక చూడండి. పొగ పరిమితి దాటిన లక్షకు పైగా వాహనాలకు అక్కడ పాస్ కాగితాలు ఇచ్చేశారట. రాజధానిలోనే ఆ తీరుగా ఉంటే, రోడ్డు పక్క వ్యానులో సైలెన్సర్‌లో గొట్టం పెట్టకుండానే సర్టిఫికెట్ చేతికొచ్చిందని ఎవరైనా చెబితే నేనేం ఆశ్చర్యపోను.

2019 సెప్టెంబరు నుంచి ఈ కాగితం లేకపోతే 10,000 రూపాయల దాకా జరిమానా. అందుకే అందరూ కాగితం కోసం తిరుగుతారు, అందులోని అంకెలు చూసేవాళ్లు మాత్రం తక్కువ. నిజానికి ఇంజన్ లోపల ఏం జరుగుతోందో చెప్పే రక్తపరీక్ష రిపోర్టు అది. పాసైన రిపోర్టులో తెలుసుకోవడానికి పెద్దగా ఏముండదు. ఫెయిలైనదాన్ని మాత్రం చించకుండా మెకానిక్ చేతిలో పెట్టాలి.

పెట్రోలు కారుకి చూసేవి ముఖ్యంగా రెండు: కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు. భారత్ స్టేజ్ (బీఎస్)-2 ప్రమాణాల కంటే పాత కార్లకు మొదటిది 3 శాతం, రెండోది 1,500 పీపీఎం దాకా ఒప్పుకుంటారు. బీఎస్-2, బీఎస్-3 కార్లకు 0.5 శాతం, 750. బీఎస్-4 అయితే 0.3 శాతం, 200. అంటే మొదట తేల్చాల్సింది కారు వయసు. పాత మారుతి 800కి కొత్త కారు లెక్క వేసి ఫెయిల్ చేసినా, కొత్తదానికి పాత లెక్క వేసి పాస్ చేసినా ఆ కాగితానికి విలువ లేదు.

కాగితం మీద మోనాక్సైడ్ 4.2 శాతం, హైడ్రోకార్బన్లు 600 ఉన్నాయనుకోండి. పెట్రోలు ఎక్కువవుతోంది, లేదా గాలి చాలడం లేదు. ఎయిర్ ఫిల్టర్ పూడుకుపోయి ఉండొచ్చు, చోక్ పూర్తిగా తెరుచుకోకపోవచ్చు, కార్బ్యురేటర్‌లో ఫ్లోట్ మట్టం పెరిగి ఉండొచ్చు. అదే మోనాక్సైడ్ 0.4 శాతమే ఉండి హైడ్రోకార్బన్లు 2,000 దాటాయంటే జబ్బు వేరు. పెట్రోలు సిలిండర్‌లోకి వెళ్తోంది గానీ అంటుకోకుండానే బయటికి వచ్చేస్తోంది. ప్లగ్గులు, ప్లగ్ వైర్లు, డిస్ట్రిబ్యూటర్ మూత, టైమింగ్, కాలిన వాల్వు, లేదా ఎక్కడో చీలిన వాక్యూమ్ గొట్టం చూడాలి. ఈ రెండు రకాలకీ మన దగ్గర జరిగే వైద్యం ఒక్కటే: మిక్చర్ స్క్రూ బిగించెయ్యడం. మోనాక్సైడ్ తగ్గుతుంది, కారు పాసవుతుంది, ఇంటికి వెళ్లేలోగా నాలుగుసార్లు జర్కులిస్తుంది. మర్నాడు స్క్రూ మళ్లీ వదులు చేస్తారు. నైట్రోజన్ ఆక్సైడ్లను ఈ పరీక్ష అసలు కొలవదు కాబట్టి, పలచబడిన మిశ్రమం వాటిని పెంచినా అడిగేవాడు లేడు.

కోనసీమ కార్లకు రెండు ప్రత్యేకమైన జబ్బులున్నాయి. యజమాని గల్ఫ్‌లోనో హైదరాబాదులోనో ఉంటాడు, కారు కొబ్బరితోటలో షెడ్డు కింద ఉంటుంది, సంక్రాంతికి బయటికొస్తుంది. ఏడాదంతా నిలబడ్డ కారుకి ఎలుకలే మెకానిక్కులు. సన్న రబ్బరు గొట్టం ఒక్కటి కొరికినా దొంగగాలి లోపలికి వెళ్తుంది, ఇంజన్ మిస్సవుతుంది, హైడ్రోకార్బన్లు ఎగబాకుతాయి. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాల్. అది తేమను పీల్చుకుంటుంది, పాతకాలపు రబ్బరుతో దానికి పడదు. మనదేమో చుట్టూ నీళ్లున్న ఊరు. నిలవ పెట్రోలు తీసేసి కొత్తది పోసుకున్నాకే పరీక్ష సంగతి.

రెండోది సైలెన్సర్. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలి దాన్ని బయటి నుంచి తింటుంది. ఇంటి నుంచి గడియారస్తంభం సెంటర్ దాకా వెళ్లి తిరిగొచ్చే కారులో, పొగతో పుట్టిన నీటి ఆవిరి బయటికి పోయేంత వేడి ఎక్కక లోపలి నుంచీ తుప్పు పడుతుంది. చిల్లు ఎక్కడ పడిందన్నదాన్ని బట్టి కథ మారుతుంది. తోక దగ్గర పడితే బయటిగాలి కలిసి అంకె తగ్గుతుంది, పాడైన ఇంజన్ కూడా పాసైపోవచ్చు. ముందు భాగంలో, ఆక్సిజన్ సెన్సార్‌కి ఇవతల పడితే తలకిందులు: బయటిగాలిలోని ఆక్సిజన్ చూసి సెన్సార్ మోసపోయి పెట్రోలు చాలడం లేదని చెబుతుంది, కంప్యూటర్ ఇంకా పోస్తుంది, మోనాక్సైడ్ పెరుగుతుంది. అప్పుడు మెకానిక్ సెన్సార్ మార్చేస్తాడు. బిల్లవుతుంది, అంకె మాత్రం కదలదు. మార్చాల్సింది తుప్పు పట్టిన ఆ గొట్టమే. ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ కూడా చూపించే మిషన్ అయితే ఈ దొంగగాలి దొరికిపోతుంది. ఆ రెండు అంకెలూ అడిగి రాయించుకోండి.

డీజిల్ కారుది మరో పద్ధతి. రేజ్ చేసి పొగ చిక్కదనం కొలుస్తారు. నల్లపొగ అయితే ఎయిర్ ఫిల్టర్, నాజిళ్లు, పంపు టైమింగ్. నీలిపొగ అయితే ఇంజన్ ఆయిల్ తాగుతోంది, ట్యూనింగ్‌తో పోయే జబ్బు కాదు.

"సముద్రపు గాలికి పొగ ఎగిరిపోయే ఊరు, మనకెందుకండీ ఇవన్నీ?" అని అడిగేవారికి నా జవాబు పర్సు వైపే. మోనాక్సైడ్ అంటే సగం కాలిన పెట్రోలు, హైడ్రోకార్బన్ అంటే అసలు కాలనిది. రెండూ బంకు దగ్గర మీరు డబ్బిచ్చి పోయించుకున్నవే. ఎక్కువైన పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరను కడిగేసి రింగుల్నీ తినేస్తుంది.

కాబట్టి ఫెయిలైన రోజు పార్టులు కొనకండి. ఇంజన్ ఆయిల్‌లో పెట్రోలు కలిసి వాసనొస్తుంటే ముందు ఆయిల్ మార్చండి, ఆ ఆవిరి కూడా అంకె పెంచుతుంది. ఫిల్టరు, ప్లగ్గులు, రబ్బరు గొట్టాలు చూడండి. తర్వాత కొత్తపేట దాకా ఓసారి వెళ్లొచ్చి, ఇంజన్ ఆపకుండా నేరుగా పరీక్షకు పెట్టండి. కెటలిటిక్ కన్వర్టర్ 300 డిగ్రీల దరిదాపుల్లోకి వస్తే గానీ పని మొదలుపెట్టదు, చల్లటి కారుని పరీక్షిస్తే బాగున్నదీ ఫెయిలవుతుంది. ఇంత చేసినా అంకె దిగకపోతే అప్పుడు కన్వర్టర్‌ని అనుమానించొచ్చు. అది ఖరీదైన వస్తువు, దాన్ని మొదటే మార్చమనే మెకానిక్‌ని కాగితంలో ఏ అంకె చూసి ఆ మాటన్నాడో అడగండి.