బిల్లు కూడా పనిముట్టే

బండి కొన్నరోజు ఇచ్చే ఓనర్ మాన్యువల్‌ను చాలామంది బీరువాలో పెట్టి మరచిపోతారు. ఒకసారి తెరవండి: చెయిన్ శుభ్రం చేసి లూబ్ పట్టించడం, టైర్లలో గాలి, ఆయిల్ మట్టం చూసుకోవడం మన పనేనని కంపెనీయే రాసి ఉంటుంది. అయినా స్పానర్ పట్టుకుంటే వారంటీ పోతుందన్న భయం మనల్ని వదలదు. నా అనుభవంలో వారంటీకి అసలు శత్రువు స్పానర్ కాదు, రుజువు లేకపోవడం. షరతుల్లో రాసిన సర్వీసులకు షోరూమ్‌కే వెళ్తాను, ఒక్కటీ ఎగ్గొట్టను. మధ్యలో దుమ్ము రోడ్ల మీద ఎక్కువ తిరిగితే మాత్రం ఆయిల్ నేనే మారుస్తాను. డబ్బా మీది గ్రేడూ, బైకులకు తగిన ఆయిల్ అని తెలిపే జాసో ఎంఏ2 గుర్తూ కనబడేలా ఒక ఫొటో, ఓడోమీటర్‌ది ఇంకొకటి తీసి, బిల్లును సర్వీసు బుక్కులోనే పెడతాను. ఆ గుర్తు కోసం పట్టుబట్టడానికి కారణం ఉంది. గేర్ల బైకుల్లో చాలావాటికి క్లచ్ ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది. రాపిడి తగ్గించే రసాయనాలున్న కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారిపోవచ్చు, అప్పుడు తప్పు మనదే. కానీ నేను చెయిన్ బిగించుకున్నానని హెడ్‌లైట్‌కి వారంటీ లేదంటే ఒప్పుకోను. బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ రద్దు చేయకూడదని మార్కెట్లో పోటీని పర్యవేక్షించే కాంపిటీషన్ కమిషన్ 2014లో 14 కార్ల కంపెనీలకు చెప్పింది. అంత స్పష్టమైన మాట బైకు నడిపేవాళ్లకూ కావాలి. ఈ దేశంలో కార్లకంటే మన బళ్లే ఎక్కువ కదా!