అవ్వ దగ్గర పెరిగితే చెడిపోతారా?

పిల్లాడు ముద్ద నోట పెట్టకుండా వీధంతా తిప్పిస్తున్నా, బడిలో కుదురుగా కూర్చోకపోయినా, అడిగింది ఇవ్వలేదని నేల మీద పడి దొర్లినా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఊళ్లలో ముందుగా వేలు చూపేది అవ్వాతాతల వైపే. 'ముసలోళ్లు గారాబం చేసి చెడగొట్టిన్రు' అని టీచర్లు అంటారు, పట్నం బంధువులు అంటారు, ఒక్కోసారి కన్నవాళ్లూ అంటారు. మూడేళ్లకే ఇంగ్లిష్ మీడియం నర్సరీలో వేయాలని, కాస్త పెద్దయితే హాస్టల్‌కు పంపాలని సలహా ఆ వెంటే వస్తుంది. అవ్వాతాతలే చెడగొట్టారన్న మాట తప్పు. అంతకు మించి అన్యాయం.

ఈ మూడు జిల్లాలూ 2016 అక్టోబర్ 11 దాకా మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాలోవే. కృష్ణా, తుంగభద్ర పక్కనే పారుతున్నా చేలకు నీళ్లందక, డ్యాముల మీద, కాల్వల్లో, నగరాల మేడల మీద తట్టలు మోసిన 'పాలమూరు లేబర్' నేల ఇది. జూరాల, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు చేరిన చోట వలస తగ్గింది గానీ ఆగిపోలేదు. వానాకాలం పంట అయ్యాక మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ఆలుమగలిద్దరూ హైదరాబాద్‌కో, పుణెకో, ముంబైకో బయల్దేరితే పసివాళ్లు ఎక్కడుండాలి? వెంట తీసుకుపోతే ఇనుప కడ్డీలు, కంకర కుప్పలు, మూతల్లేని నీటి తొట్లు. ఊళ్లో వదిలితే అవ్వ ఉంది.

నెలల తర్వాత అమ్మానాన్నలు ఇంటికొస్తారు. పిల్ల అవ్వ కొంగు చాటుకు పోతుంది. అమ్మ పిలిచినా రాదు. రెండు రోజులు గడిచాక అదే పిల్ల అమ్మను క్షణం వదలదు, గడప దాటితే గుక్కపట్టి ఏడుస్తుంది. తల్లి దీన్ని మొండితనం అనుకుంటుంది, అత్త నేర్పిందని నొచ్చుకుంటుంది. అది మొండితనం కాదు. బ్రిటన్‌లో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే పరిశోధకుడు 1952లో ఒక సినిమా చూపించాడు. ఆస్పత్రిలో ఎనిమిది రోజులు ఉన్న రెండేళ్ల పాప కథ అది. చూడటానికి వచ్చిన తల్లి నుంచి ఆ పాప ముఖం తిప్పుకుంటుంది. గారాబం చేసి చెడగొట్టే అవ్వ అక్కడ లేదు. ఉన్నది ఎడబాటు. ఎనిమిది రోజులకే అలా ఉంటే, దసరా పోయాక వెళ్లి ఉగాదికి వచ్చే అమ్మ కోసం ఎదురుచూసిన పిల్ల సంగతి ఏమిటి?

చదువు రాని అవ్వ ఏం నేర్పుతుందన్నది ఇంకో ఆరోపణ. 2011 జనాభా లెక్కల్లో ఇప్పటి గద్వాల జిల్లాలో అక్షరాస్యులు దాదాపు సగం మందే, ముసలివాళ్లలో ఇంకా తక్కువ. నిజమే. అయితే నాలుగేళ్ల పిల్లకు మొదట కావాల్సింది తన ప్రశ్నలకు విసుక్కోకుండా బదులిచ్చే మనిషి. రాజోలిలోనో, అమరచింతలోనో ఒక చేనేత ఇంటికి వెళ్లి చూడండి. కొడుకు మగ్గం గుంటలో ఉంటాడు, అవ్వ రాట్నం దగ్గర కండెలు చుడుతుంటుంది. మనవరాలు రంగు చూసి కండె అందిస్తుంది, ఎన్నయ్యాయో లెక్కపెడుతుంది, వద్దన్నా నూలు చిక్కు చేస్తుంది. అవ్వ కసురుతుంది, చిక్కు విప్పడం చూపిస్తుంది. వామనగుంటల్లో చింతగింజలు పంచడం లెక్కలే. అష్టాచెమ్మాలో తన వంతు దాకా ఆగడం, కాయ చస్తే ఏడుపు దిగమింగుకుని మళ్లీ గవ్వలు వేయడం నడవడిక నేర్చుకోవడమే. గద్వాల సీమ మనిషి సురవరం ప్రతాపరెడ్డి 1949లో అచ్చయిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో జనం తిండికి, బట్టకు, ఆటలకు చోటిచ్చాడు. ఈ ఆటలు మన దాకా వచ్చింది అరుగుల మీదుగానే. మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా చదువు ఆటలతో సాగాలని 2020 జాతీయ విద్యా విధానం ఇప్పుడు చెబుతోంది. ఆ వయసు పిల్లతో గీతల మధ్య ఏబీసీడీలు దిద్దించి, కుదురు లేదని ఇంటికి చీటీ పంపే నర్సరీ ఏ విధంగా మెరుగు?

అవ్వ అండ మన ఊళ్లకే పరిమితం కాదు. టాంజానియాలోని హాద్జా జనం మధ్య పనిచేసిన మానవ శాస్త్రవేత్త క్రిస్టెన్ హాక్స్ బృందం, తల్లి చంటిబిడ్డకు పాలిచ్చే రోజుల్లో పెద్ద పిల్లల కడుపు నింపేది ఎక్కువగా అవ్వ తవ్వి తెచ్చే దుంపలేనని 1990లలో చెప్పింది. ఎన్నో సమాజాల లెక్కలను 2008లో పోల్చి చూసిన పరిశోధకులు రెబెకా సియర్, రూత్ మేస్‌లకు, అమ్మమ్మ ఉన్నచోట పసివాళ్లు బతికి బట్టకట్టడం ఎక్కువని చాలా వాటిలో కనిపించింది.

అవ్వలు తప్పే చేయరని ఎవరూ అనరు. టీలో ముంచిన బిస్కెట్‌తో పూట గడిపేయడం, ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్, ఏడుపు ఆపడానికి సెల్లు, అన్నీ ఉన్నాయి. రెండేళ్లలోపు పిల్లలకు తెర అసలే వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. దాన్ని పాటించలేని ఇళ్లు హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఎన్ని లేవు! మోకాళ్ల నొప్పులతో పొద్దున కలుపు తీసి, సాయంత్రం ముగ్గురు మనవళ్లకు వండిపెట్టే మనిషి సెల్లు ఇచ్చిందంటే అది అలసట.

నిలదీయాల్సినవాళ్లు వేరే ఉన్నారు. యాభై మందికి మించి ఆడకూలీలున్న కట్టడాల దగ్గర ఆరేళ్లలోపు పిల్లలకు గది, చూసుకునే మనిషి ఉండాలని 1996లోనే భవన నిర్మాణ కార్మికుల చట్టం చెప్పింది. చిన్న చిన్న గుంపులుగా పనిచేసే పాలమూరు కూలీలు ఆ యాభై లెక్కకు అందడం కష్టం. అదే 2005 ఉపాధి హామీ చట్టం ఐదుగురు పిల్లలుంటే చాలు, ఒక మహిళను వాళ్ల కోసమే పెట్టమంది. మేడలు కట్టే చోటా ఐదుగురి లెక్కే రావాలి. మేస్త్రీతో అడ్వాన్సు మాట్లాడే రోజే కూలి రేటుతో పాటు పిల్లల గది సంగతీ తేల్చుకోవాలి, కార్మిక శాఖ వెళ్లి చూడాలి. ఊళ్లోనే మిగిలే పిల్లల కోసం, కలుపు కూలికి పోనవసరం లేనంత పింఛను అవ్వకు అందాలి.